మూడో వరసలోని ముఖం

ఆదోనిలో దూది మిల్లులు ఆడే నెలల్లో లక్ష్మప్ప ప్రెస్సులో వార్నీషు పని ఆదివారాలు మాత్రమే జరిగేది. మిగిలిన ఆరు రోజులూ ఊరి గాలిలో దూది నుసి తేలుతూ ఉండేది. కిటికీలు మూసినా, తలుపు కింద తడి గోనెపట్టా కుక్కినా ఎట్లాగో గదిలోకి వచ్చేది. తడి వార్నీషు మీద వాలిన నుసిని తీయడం ఎవరి వల్లా కాదు. ఒక వేసవిలో ఎమ్మిగనూరు చీరల వ్యాపారి ఒకాయన కోసం వేసిన లేబుళ్లు ఒక కట్ట మొత్తం అట్లా పాడయింది. లేబులు మీది లక్ష్మీదేవికి గడ్డం మొలిచిందని చెప్పి ఆయన ఆ కట్టను బస్సులో వెనక్కి పంపాడు. ఆనాటి నుంచి, మిల్లు కూత వినపడని రోజునే వార్నీషు డబ్బా మూత తీయాలని లక్ష్మప్ప నియమం పెట్టాడు.

ఆ నియమం వల్ల వార్నీషు పూసే ముత్తమ్మకు ఉదయం చర్చికి పోవడం కుదిరేది కాదు. సాయంత్రం ప్రార్థనకు వెళ్లేది. ఆమె దగ్గర కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. వార్నీషులో కలిపే టర్పెంటాయిలు వాసన స్నానం చేసినా పోదు.

"మీ పాస్టరయ్య నన్ను శపిస్తాడేమో మే" అని లక్ష్మప్ప నవ్వేవాడు. "నేను సచ్చినంక మీ నరకానికి పంపుతాడో, మా యముని తావుకి పంపుతాడో."

"యాడికి పోయినా నువ్వు ఆడ ప్రెస్సే పెడ్తావులేన్నా" అనేది ముత్తమ్మ.

అది ముత్తమ్మ భర్త ఇశ్రాయేలు పోకముందు. తర్వాత లక్ష్మప్ప ఆ మాట ఎత్తలేదు.

ప్రెస్సు పెద్దది కాదు. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, అక్షరాల పెట్టెలు, వెనక పెంకుల గది. పెళ్లి కార్డులు, బీడీ కట్టల చీటీలు, ఎమ్మిగనూరు నేత చీరల మడతల మీద అంటించే లేబుళ్లు వేసేవాళ్లు. లేబుళ్లకే పని ఎక్కువ. పేరు అచ్చయ్యే చోట సిరాకు బదులు జిగురుగా ఉండే రంగు వేసి, అది తడిగా ఉండగానే దూది ఉండతో బంగారు పొడి అద్దేవాళ్లు. బంగారు పొడి అంటారు గాని అది ఇత్తడి పొడి. ఊరికే వదిలేస్తే నెల తిరిగేసరికి నల్లబడుతుంది, చేతికి రాలుతుంది. అందుకని పైన వార్నీషు పూయాలి. అవిసె నూనెలో గుగ్గిలం వేసి కాచి, టర్పెంటాయిలుతో పలచన చేసిన వార్నీషు అది. పూస్తే లేబులుకు మెరుపూ వస్తుంది, తడి తగిలినా చెడదు.

అయితే వార్నీషుకు ముందు గంజి పట్టించాలి. ఆ పని దేవమ్మది. ఆమె ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటి ఆడపడుచు. పడుగుకు గంజి పెట్టడం చూస్తూ పెరిగింది. శనివారం పొద్దున్నే నూకలు మెత్తగా ఉడికించి, గుడ్డలో వడకట్టి, చిటికెడు పటిక కలిపి, మెత్తని కుంచెతో ఒక్కో కాగితానికీ పూసి ఆరబెట్టేది. ఆ గంజి కాగితం రంధ్రాలను మూసేస్తుంది. ఆదివారం ముత్తమ్మ దాని మీద వార్నీషు పూస్తే అది పైనే నిలిచి గాజులా ఆరుతుంది. గంజి లేకపోతే నూనె కాగితంలోకి దిగిపోతుంది. బజ్జీలు కట్టిన పొట్లం మాదిరి అయిపోయి వెనక అచ్చు ముందుకు కనిపిస్తుంది. అట్లా అయిన కాగితాన్ని మళ్లీ తెల్లగా చేసే ఉపాయం ఎవరికీ తెలియదు.

గంజి పట్టిందో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉంది. కాగితం మూలను కింది పెదవికి ఆనించాలి. గంజి పట్టనిదైతే పెదవి తడిని పీల్చి అంటుకుంటుంది. పట్టినదైతే అంటదు. పనిలో చేరిన కొత్తలో ముత్తమ్మ ప్రతి కట్ట నుంచి ఒక కాగితం అట్లా చూసేది. ఏడేళ్లలో దేవమ్మ ఒక్కసారీ తప్పలేదు. ముత్తమ్మ చూడడం ఎప్పుడో మానేసింది.

ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. ఆ ఫిబ్రవరిలో ఒక గురువారం ఇశ్రాయేలు మిల్లులో దూది బేళ్లు అదిమే యంత్రం కింద పడ్డాడు. మధ్యాహ్నం మూడు గంటలకు దూది బండి మీద ఇంటికి తెచ్చారు. బేళ్లకు చుట్టే గోనెపట్టాలో చుట్టి, బేళ్లు కుట్టే దబ్బనంతోనే పై నుంచి కింది దాకా కుట్టేసి తెచ్చారు. తెచ్చినవాళ్లలో ఇశ్రాయేలు పెదనాన్న కొడుకు దావీదు ఉన్నాడు. అతనిదీ ఆ మిల్లులోనే పని.

ముత్తమ్మ కుట్టు మీద చెయ్యి వేసింది.

"విప్పొద్దమ్మా" అన్నాడు దావీదు.

"ఒక్క తూరి."

"విప్పొద్దు. నా మాటిను. విప్పితే నువ్వు తట్టుకోలేవు."

ఆమె చెయ్యి తీసేసింది. కుట్టు దగ్గర దగ్గరగా, వరసగా ఉంది. మంచి పనివాడు కుట్టినట్టుంది అనుకుంది. ఆ సమయంలో ఆమెకు తోచింది అదొక్కటే. సాయంత్రం పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. గోనెపట్టాతోనే పెట్టెలో పెట్టి పూడ్చారు. ఆడవాళ్లు ఏడ్చారు. ముత్తమ్మ ఎవరికి నీళ్లు కావాలో చూసి ఇచ్చింది.

పదకొండో రోజు ఆదివారం వచ్చింది. ఆమె ప్రెస్సుకు వచ్చి తలకు గుడ్డ బిగించి కట్టుకుని వార్నీషు డబ్బా మూత తీసింది.

"ఇంగో వారం ఉండకపోతివా మే" అంది దేవమ్మ. ఆదివారం తనకు పని లేకపోయినా ఆ రోజు ముత్తమ్మ కోసమే వచ్చింది.

"ఉండి ఏం జేయాలక్కా."

పని ఎప్పటిలాగే చేసింది. కుంచె పై నుంచి కిందికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి. ఒక్క చుక్క కారనివ్వలేదు. మధ్యాహ్నం కాఫీ తెస్తే కాలే గ్లాసును అట్లాగే పట్టుకుని కూర్చుంది. చేతిలోంచి దేవమ్మ లాక్కుంది. వేళ్లు ఎర్రగా కందాయి. ముత్తమ్మ వాటిని చూసి ఒళ్లో పెట్టుకుంది.

ఆ రోజే, ఇంటికి పోబోతూ, దేవమ్మతో ఒక మాట చెప్పింది.

"అక్కా, ఆయప్ప మొగం యాదికి రాలేదు."

"అదేం మాట మే?"

"సెవుల్లో దూది ఉంటాండె. నేనే తీస్తాంటి. ఆ సెవులు కండ్ల ముందర ఉండాయి. మెడ ఉండాది. మాట గూడా ఇనపడతాంది. మద్దెలో ఉండేది రాలేదు."

దేవమ్మ ఆమె తలకు కట్టిన గుడ్డ విప్పుతూ, వస్తుందిలే అంది. రెండు ఆదివారాలు గడిచాయి. రాలేదు. పొద్దున లేచి గోడ వైపు తిరిగి కొంతసేపు ప్రయత్నించేదాన్నని ముత్తమ్మ తర్వాత చెప్పింది. నుదురు వచ్చేది. గడ్డం వచ్చేది. రెంటి మధ్య గోనెపట్టా, దాని మీద కుట్టు కనిపించేది.

నాలుగో వారంలో దావీదు వచ్చాడు. చేతిలో పత్రికలాంటి పుస్తకం ఒకటి ఉంది. రెండేళ్ల కింద మిల్లువాళ్లు ఏదో ఉత్సవానికి వేయించి పనివాళ్లకు పంచింది. మిగతావాళ్లవి ఎప్పుడో పొయ్యిల్లోకి, పొట్లాల్లోకి పోయాయి. లోపల ఒక పేజీలో రేకుల షెడ్డు ముందు నిలబడిన పనివాళ్ల ఫోటో ఉంది. నాలుగు వరసల్లో అరవై మంది దాకా.

"మూడో వరసలో చూడు" అని దావీదు వేలు పెట్టాడు. "ఈడ నేను. నా పక్కన వాడే."

ముత్తమ్మ కాగితాన్ని వాకిట్లోకి తీసుకుపోయింది. వేరుశెనగ గింజంత ముఖం. దగ్గర పెట్టుకుంటే చుక్కలు చుక్కలుగా విడిపోతోంది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే చుక్కలు కలుస్తున్నాయి. కలిసిన చోట ఇశ్రాయేలు ఎండకు కళ్లు చికిలించి నిలబడి ఉన్నాడు.

"ఆ" అంది. దావీదు పుస్తకాన్ని ఆమె దగ్గరే ఉంచి పోయాడు.

పెళ్లినాడు ఫోటో తీయించుకునే స్తోమత వాళ్లకు లేదు. ఇంట్లో ఇంకే బొమ్మా లేదు. ఉన్నది ఇదొక్కటే, అదీ చవక కాగితం. అప్పటికే అంచులు పసుపుబారాయి, మడత దగ్గర చీలిక మొదలైంది. వానాకాలం వస్తే చెమ్మకు బూజు పడుతుంది, చెద పడితే అసలే మిగలదు. ముత్తమ్మకు కాగితాన్ని కాపాడే పని ఒక్కటి తెలుసు. శనివారం ఆ పేజీని జాగ్రత్తగా విడదీసి ప్రెస్సుకు తెచ్చింది.

లక్ష్మప్ప కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"ఇది మన తావే అచ్చేసినాం" అన్నాడు. "బొమ్మ బ్లాకు మిల్లోళ్లు మద్రాసు నుంచి తెప్పించినారు, వాళ్లే పట్టుకపోయినారు. నా దగ్గరుంటే నీకు నూరు కాపీలు కొట్టిద్దును."

"ఇదొక్కటి సాలన్నా. వార్నీషు పెట్టుకుంటా."

"పెట్టుకో. నన్నడిగేదేముండాది." కాగితం మూలను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "శానా నాసి కాయితం మే. అద్దుడు కాయితం లెక్క పీలుస్తాది. గంజి రెండు తూర్లు పట్టించమను దేవమ్మను."

దేవమ్మ అప్పుడే గంజి వడకట్టి కూర్చుంది. ముత్తమ్మ పేజీని ఆమె ముందు పలక మీద పెట్టింది.

"లేబుళ్లతో పాటు దీనికీ పెట్టక్కా. రెండు తూర్లు."

"యాడుండాడు?"

ముత్తమ్మ చూపించింది. దేవమ్మ వంగి చాలాసేపు చూసింది. "మంచోడు" అంది. "సరే, ఆడ పెట్టిపో."

ఆ శనివారం ముత్తమ్మ ముందు గదిలో పెళ్లి కార్డులకు బంగారు పొడి అద్దింది. చీకటి పడకముందే ఇంటికి పోయింది.

ఆదివారం ఉదయం మిల్లు కూత లేదు. గాలి తేటగా ఉంది. ముత్తమ్మ వెనక గది తలుపు తీసేసరికి లేబుళ్లన్నీ ఆరి పలకల మీద ఉన్నాయి. చివరి పలక మీద పేజీ ఒక్కటీ వేరుగా ఉంది. దాని పక్కన మూకుడులో గంజి, పైన కంచం బోర్లించి ఉంది. కంచం మీద అడ్డంగా కొత్త కుంచె ఒకటి. దేవమ్మ మిగిలిన గంజిని పారబోయడం మరిచిపోయింది అనుకుని ముత్తమ్మ మూకుడును గూట్లో పెట్టింది.

ముందు లేబుళ్లు పూసింది. సగం అయ్యాక, కుంచె నూనె సరిగ్గా తాగి చెయ్యి కుదిరాక, పేజీని ముందుకు లాక్కుంది. దాన్ని పెదవికి ఆనించి చూడలేదు. కుంచె ముంచి, అంచుకు తుడిచి, పై వరస నుంచి మొదలుపెట్టింది.

మొదటి గీతకు తేడా తెలియలేదు. రెండో గీత గీసేసరికి మొదటిది కనిపించకుండా పోయింది. మెరుపు నిలవలేదు. తడి ఎక్కడికి పోయిందో తెలియక ఆమె ఇంకొంచెం పూసింది. అప్పటికి కుంచె మూడో వరస దాటింది. కాగితం బూడిద రంగుకు తిరిగి, లోపలి నుంచి ఏదో పైకి లేస్తున్నట్టు నల్లగా మచ్చలు వచ్చాయి. మచ్చలు గీతలయ్యాయి, గీతలు లావుపాటి అక్షరాలయ్యాయి. వెనక పేజీలో పత్తి విత్తనాల అంగడి ప్రకటన ఉంది. ఆ అక్షరాలు తిరగబడి షెడ్డు మీద, మనుషుల మీద, దావీదు మీద, ఇశ్రాయేలు మీద పరుచుకున్నాయి. ఒక అక్షరం కొమ్ము సరిగ్గా ఇశ్రాయేలు ముఖం మీదుగా పోయింది.

ముత్తమ్మ కుంచె పక్కన పెట్టింది. శుభ్రమైన దూదితో అద్దింది. దూదికి నూనె వచ్చింది, అక్షరాలు పోలేదు. సుద్దపొడి చల్లి చూసింది. కాసేపాగి దులిపేసింది. ఇంక చేయడానికి ఏమీ లేదు. అట్లాగే కూర్చుంది.

దేవమ్మ పది గంటలకు వచ్చింది. ఆదివారం ఆమెకు పని లేదు. బొమ్మ చూద్దామని వచ్చింది. తలుపు దగ్గరే ఆగిపోయింది.

"దీనికి గంజి పెట్టలేదా అక్కా?" అంది ముత్తమ్మ. గొంతులో కోపం లేదు. మిగిలిన లేబుళ్లు ఎన్ని అని అడిగినట్టే అడిగింది.

"నువ్వు పెట్టుకుంటావనుకుంటి మే" అంది దేవమ్మ. "మూకుడు ఆడే పెట్టింటి కదా. కొత్త కుంచె పెట్టింటి."

"నేనెందుకు పెట్టుకుంటా? అది నీ పని కదా."

దేవమ్మ గడప మీద కూలబడింది. "మాలో పీనుగను ఎత్తే ముందర నోట్లో బియ్యం పెడతారు. సొంతోళ్లే పెట్టాల. బయటోళ్లు పెట్టకూడదు. గంజి అంటే బియ్యమే కదా మే. కుంచె పట్టుకుంటి. ఆయప్ప నోరు కానొచ్చె. ఆయప్పను కుట్టేసి తెచ్చినారు, మీవాళ్లు ఎవురూ ఆ నోట్లో ఏమీ పెట్టలేదు. ముందుగా నేనెట్ల పెట్టేది? నువ్వు ఉండగా?"

"ఆ మాట సెప్పకపోతివా."

"ఎట్ల సెప్పేది? మీరు ఏసయ్యోళ్లు. మీలో ఏముంటాదో నాకేం తెలుసు. మూకుడు పెడితే అర్తం సేసుకుంటావనుకుంటి."

"మాలో అట్ల లేదక్కా" అంది ముత్తమ్మ.

దూరంగా రైలు కూసింది. పలకల మీద లేబుళ్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ముత్తమ్మ ఆమెను చూస్తూ ఉంది. ఊళ్లో అందరూ తనకన్నా బాగా ఏడవగలరు అనుకుంది.

చివరికి లేచి గూట్లోంచి మూకుడు తెచ్చి కంచం తీసింది. గంజి రాత్రికి చిక్కబడి పైన పొర కట్టింది.

"ఎన్ని తూర్లు పెడతారు?"

"ఎందుకు మే ఇప్పుడు?"

"సెప్పు."

"మూడు."

ముత్తమ్మ పొర పక్కకు తీసి చూపుడు వేలి కొస ముంచింది. మూడో వరస వెతుక్కుంది. అక్షరాల మధ్య ఇశ్రాయేలును పట్టుకోవడానికి కొంత సమయం పట్టింది. దావీదు తలపాగా ఆనవాలుగా చూసి, దాని పక్క చుక్క మీద వేలు పెట్టింది. గంజి నిలవలేదు. నూనె కాగితం మీద చిన్న పూసగా చుట్టుకుని పక్కకు జారింది. రెండోసారి పెట్టింది. జారింది. మూడోసారి పెట్టి, జారకుండా వేలు అట్లాగే ఉంచింది. చాలాసేపు ఉంచింది. తీసేసరికి వేలికి ఉన్న గంజి వేలికే ఉంది.

దూదితో వేలు తుడుచుకుంది.

"ఆ పలక ఇట్ల జరుపక్కా" అంది. "ఇంగా సగం ఉండాయి. రేపు మిల్లులు ఆడతాయి."

దేవమ్మ కళ్లు తుడుచుకుని పలక జరిపింది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఎమ్మిగనూరు లేబుళ్లు మంగళవారం బస్సుకు పోయాయి. వాటిలో ఏ లోపమూ లేదు.

పేజీ ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. లక్ష్మప్ప చూసి తల అడ్డంగా ఊపి, ఒక తెల్లని అట్ట ఇచ్చాడు. ముత్తమ్మ పేజీని దాని మీద అంటించి ఇంట్లో గోడకు వేలాడదీసింది. దానికి చెమ్మ పట్టలేదు, బూజు పట్టలేదు. ఎవరైనా చూసి ఇదేం బొమ్మమ్మా అని అడిగితే, మిల్లు మనుషులు అని చెప్పేది. ఇశ్రాయేలు ఏడి అంటే మూడో వరసలో వేలు పెట్టేది. అడిగినవాళ్లకు అక్కడ ఒక నల్లని గీత మాత్రం కనిపించేది. ఆమెకు ఏం కనిపించేదో చెప్పలేదు. ముఖం మళ్లీ గుర్తుకు వచ్చిందా అని దేవమ్మ ఒకసారి అడిగితే, "వాకిట్లో దావీదు సూపించినాడు కదా, అప్పుడు సూస్తిని" అంది.

ఆ ప్రెస్సులో ముత్తమ్మ ఇంకా చాలా ఏళ్లు పనిచేసింది. పనిలో మారింది ఒక్కటే. ఆదివారం పొద్దున కుంచె ముంచే ముందు, ప్రతి కట్ట నుంచి ఒక కాగితం తీసి మూలను పెదవికి ఆనించి చూడడం మళ్లీ మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఊరికే వచ్చినప్పుడు అది కంటపడి దేవమ్మ ముఖం చిన్నబోయింది. ఆ వారమంతా వెనక గదిలోనే కూర్చుంది, ముందు గదికి రాలేదు.

తర్వాతి శనివారం గంజి పూయడం అయ్యాక దేవమ్మ ఇంటికి పోలేదు. కాగితాలు ఆరేదాకా కాచుకుని కూర్చుంది. ఆరాక పై కాగితం తీసుకుని ముందు గదిలోకి వచ్చింది. ముత్తమ్మ రెండు చేతులకూ బంగారు పొడి అంటి ఉంది. దేవమ్మే కాగితం మూలను పట్టుకుని ముత్తమ్మ కింది పెదవికి ఆనించింది.

"సూడు" అంది.

ముత్తమ్మ పెదవిని కాగితానికి అదిమి చూసింది.

"అంటలేదక్కా" అంది.